నల్లమ్మ పేరున తీసిన రక్తం

కళ్యాణదుర్గం,
5 ఆగస్టు 2025

గంగాదేవికి,

నిన్న, సోమవారం ఉదయం పదకొండు గంటలకు, మీ ల్యాబు నుంచి ఇద్దరు బెళుగుప్పకు వచ్చి మీ అమ్మ దగ్గర రెండోసారి రక్తం తీసుకుపోయారు. ఎందుకో చెప్పలేదు.

జూన్ 14న స్కూలు వరండాలో మీవాళ్ళు పెట్టిన క్యాంపులో నలభై మంది ఆడవాళ్ళు రక్తం ఇచ్చారు. రెండోసారి వచ్చింది మీ అమ్మ ఒక్కదాని కోసమే. బండి వేసుకుని పోయి పది పన్నెండు ఇళ్ళలో అడిగిన తర్వాతే ఈ మాట రాస్తున్నాను. వచ్చినవాళ్ళలో ఒకామె డాక్టరు. మా అక్కను లోపలి గదిలోకి తీసుకుపోయి, తలుపు వేసి, రొమ్ములూ చంకలూ తడిమి చూసిందట. నడుము నొప్పి ఉందా, ఎముకలు లాగుతున్నాయా అని అడిగిందట. షుగరు మీద పరిశోధన అని చెప్పి వచ్చినవాళ్ళకు చంకలతో ఏం పని?

ఇంకొకటి. జూన్ క్యాంపు తర్వాత మీవాళ్ళు పంపిన చీటీలో మీ అమ్మకు పరగడుపున షుగరు 94 అని ఉంది. ఆరేళ్ళుగా మాత్రలు మింగుతున్న మనిషికి 94. మీ అత్త వేసవి నుంచి మీ అమ్మ షుగరు తగ్గాలని శనివారాలు ఒక్కపొద్దు ఉంటోంది. ఆ మొక్కు ఫలించిందని ఇద్దరూ పెన్నహోబిలం పోయి టెంకాయ కొట్టి వచ్చారు. మీ అమ్మ ఆ రోజే మాత్రలు మానేసింది. నిన్న వచ్చినవాళ్ళు వేలికి గుచ్చి చూస్తే 271. దానికీ కారణం చెప్పలేదు.

రాత్రి ఫోన్ చేస్తే “రూల్స్ మామా, చెప్పకూడదు” అన్నావు. నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో విలేకరిని. చెప్పకూడదు అనేవాళ్ళకు ఏదో తెలిసే ఉంటుంది. ఫోన్లో అయితే మీ అత్త స్పీకరు పెట్టమంటుంది, ఆమెతో పాటు వీధంతా వింటుంది. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. కాగితం మీదే చెప్పు.

ఇక్కడ వాన లేదు. శెనక్కాయ చేలల్లో ఊడలు దిగే అదను పోతోంది. మీ అత్త కలుపుకు పోయి నడుము పట్టేసిందని రెండు రోజులుగా పడుకుని ఉంది.

రామాంజులు


బెంగళూరు,
9 ఆగస్టు 2025

మామా,

ముందు అమ్మ చేత మాత్రలు ఇవాళే మొదలుపెట్టించు. మిగతాది ఆ తర్వాత చదువు.

మా దగ్గరికి వచ్చే సీసాల మీద పేర్లు ఉండవు, నెంబర్లు ఉంటాయి. జులై చివర్లో ఒక నెంబరు దగ్గర నాకు అనుమానం వచ్చింది. మా మేడమ్‌కు చూపించాను. మళ్ళీ చేశాం, మళ్ళీ అదే వచ్చింది. అలాంటప్పుడు ల్యాబుతో సంబంధం లేని ఒక కమిటీ ఆ నెంబరు ఎవరిదో తెరిచి చూస్తుంది. పేరు అమ్మది. ఆ రోజు నుంచి నన్ను ఆ సీసా ముట్టుకోనివ్వడం లేదు. ఫోన్లో నోరు మెదపనిది అందుకే.

ఏం కనిపించిందో రాస్తాను. మన ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. మనం తిన్నాక ఇన్సులిన్ పోయి, చక్కెర లోపలికి తీసుకోండి అని చెబుతుంది. షుగరు జబ్బులో కణాలు ఆ మాట సరిగా వినవు. కాబట్టి ఒళ్ళు అదే కబురు ఇంకా ఎక్కువగా పంపుతుంది. ఆ కబురులోనే, పెరగండి అనే మాట కూడా ఉంటుంది. ఎక్కడైనా క్యాన్సరు కణాలుంటే అవి ఆ రెండో మాట బాగా వింటాయి. ఈ రెండు జబ్బులకూ ముడి ఎక్కడుందో వెతకడమే మా పని.

నాయన బతికున్నప్పుడు మంద తోలుకుని వలస పోయేముందు ఏం చేసేవాడో నీకు తెలుసు. ముందు తానొక్కడే ఆ ఊరికి పోయి, రైతుతో మాట్లాడి, మంద ఆపే పొలం సిద్ధం చేసుకుని వచ్చేవాడు. గొర్రెలు ఆ తర్వాతే కదిలేవి. కొన్ని క్యాన్సరు గడ్డలు కూడా కదిలే ముందు, పోబోయే చోటికి రక్తంలో చిన్న చిన్న పొట్లాల్లాంటివి పంపుతాయి. అవి పోయి చోటు సిద్ధం చేస్తాయి. అమ్మ పేరున్న సీసాలో దొరికినవి, రొమ్ము నుంచి ఎముకలకు పోయే రకంలో మేము ఇంతకుముందు చూసిన పొట్లాలు.

ఇది జబ్బు ఉందని తేల్చే పరీక్ష కాదు. తప్పు కావచ్చు. తప్పు కాకపోతే, ఇప్పుడే పట్టుకుంటే వైద్యానికి దారి ఉంది. పన్నెండో తేదీ అనంతపురంలో అమ్మకు రొమ్ము స్కానింగ్, ఎముకల స్కానింగ్ రాయించాను. నువ్వు వెంట వెళ్ళు. అమ్మకు ఆ జబ్బు పేరు చెప్పొద్దు.

పేపర్లో రాయొద్దు. నువ్వు రాస్తావేమోనని నాకు అనుమానం ఉంది, దాచుకోకుండా చెబుతున్నాను.

గంగ


కళ్యాణదుర్గం,
14 ఆగస్టు 2025

గంగకు,

మీ అమ్మకు ఏ గడ్డా లేదు. పన్నెండో తేదీ మధ్యాహ్నం మూడున్నరకు రెండు రిపోర్టులూ చేతికి వచ్చాయి. ఎముకలు శుభ్రంగా ఉన్నాయని డాక్టరు నా ముందే చెప్పాడు. మాత్రలు మళ్ళీ మింగుతోంది.

ఇప్పుడు లెక్క చూడు. ఒకే మనిషి. మీ మొదటి సీసాలో షుగరు 94, రెండోసారి వేలికి గుచ్చితే 271. మొదటి సీసాలో క్యాన్సరు కబురు, మనిషిలో క్యాన్సరు లేదు. మీ మొదటి సీసా రెండుసార్లు అబద్ధం చెప్పింది. సీసా తనంతట తాను అబద్ధం చెప్పదు.

మీ ల్యాబు వెబ్‌సైటు చూశాను. డబ్బు ఇచ్చేవాళ్ళ వరుసలో ఒక మందుల కంపెనీ పేరుంది. జబ్బు లేనివాళ్ళకు జబ్బు ఉందని చెబితే మందు ఎవరు అమ్ముకుంటారో నేను చెప్పనక్కరలేదు. నీ జీతం కూడా ఆ కంపెనీదేనా? కోపం తెచ్చుకోకుండా జవాబు రాయి.

బెళుగుప్పలో మాట పాకింది. నల్లమ్మ రక్తం విమానమెక్కి పోయిందని, దాన్ని పొడి చేసి మాత్రలు చేస్తారని అంటున్నారు. ఇంకెవ్వరూ చెయ్యి చాపరు. నేను సగం వ్యాసం రాశాను. ఈ నెల 31, ఆదివారం పేజీకి డెస్కువాళ్ళు అడుగుతున్నారు. మీ అత్తకు చదివి వినిపిస్తే, “వాళ్ళు రక్తం తీస్తారు, మీ పేపరోళ్ళు తాగుతారు. అంతే గదప్పా తేడా” అంది.

ఆమె కూడా అనంతపురం వస్తానని బయల్దేరి, బస్సులో కూర్చోలేనని కంబదూరు రోడ్డు మీదే దిగిపోయింది. ఒక్కపొద్దులతో చిక్కిపోయింది. చేతి గాజులు జారిపోతున్నాయని చిన్న సైజు కొనుక్కుంది. మానమంటే మానదు. మొక్కు మధ్యలో ఆపకూడదట.

రామాంజులు


బెంగళూరు,
21 ఆగస్టు 2025

మామా,

నా జీతం ప్రభుత్వ ఫెలోషిప్. కంపెనీ డబ్బు మిషన్లకు వచ్చింది, మనుషులకు కాదు. ఈ ప్రశ్న నన్ను అడుగుతావనుకోలేదు.

నీ లెక్క మాత్రం సరైనదే. ఆగస్టులో తీసిన అమ్మ రక్తంలో ఆ పొట్లాలు లేవు, కాబట్టి మొదటి సీసా అమ్మది కాదని మేమూ అనుకున్నాం. క్యాంపులో రెండు సీసాలు తారుమారయ్యాయేమోనని నలభై సీసాలూ బయటికి తీశారు. అమ్మ రెండో సీసాతో పోల్చడం చాలదేమోనని, మేడమ్, కమిటీ ఒప్పుకున్నాక నా రక్తం కూడా ఇచ్చాను. తల్లీకూతుళ్ళ పోలిక చూడటానికి. తారుమారు అయితే అమ్మ రక్తం ఇంకో నెంబరులో దొరకాలి.

దొరకలేదు. నలభై సీసాల్లో అమ్మ రక్తం ఎక్కడా లేదు. అమ్మ పేరున్న సీసా ఇచ్చిన మనిషికి నేను కూతుర్ని కాను.

అంటే నలభై ఒకటో మనిషి ఎవరో ఉంది. ఆమె ఎవరో మాకు తెలియదు. తన ఒంట్లో ఏం జరుగుతోందో ఆమెకూ తెలియకపోవచ్చు. మామా, నాకు నిద్ర పట్టనిది దాని గురించే. నీ వ్యాసం గురించి కాదు.

క్యాంపులో రక్తం తీసిన సురేంద్రను ల్యాబువాళ్ళు పనికి రావద్దన్నారు. నలభై మంది నిండలేదని ఎవరి రక్తమో తెచ్చి ఒక సీసా నింపాడని ఇక్కడ అనుకుంటున్నారు. నాకూ అలాగే అనిపిస్తోంది. అతను మీ ఊరివాడే. నువ్వు అడిగితే చెబుతాడేమో కనుక్కో. ఎవరి రక్తమో ఒక్కటి చెబితే చాలు, అతని మీద ఏ కేసూ పెట్టరు.

గంగ


కళ్యాణదుర్గం,
26 ఆగస్టు 2025

గంగాదేవికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు నల్లమ్మకు పుట్టలేదని మీ మిషను చెబుతోందా? నువ్వు కళ్యాణదుర్గం సర్కారు ఆస్పత్రిలో పుట్టావు. వరండాలో మీ నాయన మారెప్పా నేనూ నిలబడి ఉన్నాం. నిన్ను గుడ్డలో చుట్టి ముందు నా చేతికే ఇచ్చారు. ఆ పూట ఆ ఆస్పత్రిలో ఇంకో కాన్పు లేదు. ఇది నేను కళ్ళారా చూసినది. మీ మిషను చూసినది ఏమిటో నాకు తెలియదు. ఆ ఉత్తరం మీ అమ్మ కంట పడకుండా పెట్టాను. ఎందుకు దాస్తున్నావని మీ అత్త అప్పుడే నన్ను అనుమానంగా చూస్తోంది.

సురేంద్రను నిన్న బస్టాండు పక్కన మెడికల్ షాపులో పట్టుకున్నాను. ఇప్పుడు అక్కడ పని చేస్తున్నాడు. నన్ను చూడగానే మొహం తిప్పుకున్నాడు. కూర్చోబెట్టి అడిగాను. “ఏమన్నా, నలభై మందిలో మొగాలు యాడ చూస్తాము? పేరు పిలిచినా, కార్డు చూసినా, చెయ్యి చాపితే తీసినా. బయటి రక్తం నేను యాడనుంచి తెస్తా, సంతలో అమ్ముతారా?” అన్నాడు.

నల్లమ్మ గుర్తుందా అంటే ఉందన్నాడు. ఏమీ తినలేదు కదా అని అడిగితే, ఒక్కపొద్దు ఉన్నాను అని చెప్పిందట. అతని అబద్ధం నాకు అక్కడే దొరికింది. మీ అమ్మ జన్మలో ఒక్కపొద్దు ఉండలేదు. తెల్లవారుతూనే సంగటి తిని మాత్ర వేసుకుంటుంది. లేకపోతే కళ్ళు తిరుగుతాయి. ఆ మాట అతను అల్లి చెప్పాడు. ఎందుకు అల్లాడో మీ ల్యాబే చెప్పాలి.

ఆదివారం వ్యాసం పోతుంది. నీ పేరు రాయను. ల్యాబు పేరు రాస్తాను.

రామాంజులు


బెంగళూరు,
29 ఆగస్టు 2025

మామా,

ఈ ఉత్తరం కళ్యాణదుర్గం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. రేపు తెల్లవారేసరికి నీకు అందుతుంది. ఫోన్ చేస్తే అత్త స్పీకరు పెడుతుంది. ఈ ప్రశ్న అత్త వినకూడదు.

నేను అమ్మ కూతుర్నే. ఆ సీసా అమ్మది కాదు, అంతవరకే మిషను చెప్పింది.

సురేంద్ర చెప్పింది అబద్ధం అనుకోకుండా ఒక్కసారి చూడు. చెయ్యి చాపిన మనిషి ఒక్కపొద్దు ఉన్నానని చెప్పింది. షుగరు 94 వచ్చింది. అమ్మ ఆధార్ కార్డు ఆమె చేతిలో ఉంది. జూన్ 14 శనివారం.

ఆ రోజు అమ్మతో పాటు స్కూలుకు ఎవరు వెళ్ళారు?

నీ మొదటి ఉత్తరం నుంచీ అన్నీ మళ్ళీ చదివాను. నడుము, బస్సు, గాజులు. నేను పొరపాటు పడితే బాగుండు. వ్యాసం ఆపు. అమ్మను అడుగు, అత్తను కాదు. ముందు అమ్మను.

గంగ


కళ్యాణదుర్గం,
31 ఆగస్టు 2025

గంగా,

జూన్ 14న నల్లమ్మ పేరున ఇచ్చిన రక్తం మీ అత్త నారాయణమ్మది. ఈ సంగతి నిన్న, శనివారం ఉదయం ఏడు గంటలకు తెలిసింది.

నీ ఉత్తరం అందిన వెంటనే బండి తీశాను. మీ అమ్మ దొడ్డిలో గొర్రెపిల్లలకు మేత వేస్తోంది. ఆ రోజు ఎవరితో పోయావు అంటే, నారాయణమ్మతో అని చెప్పింది. నేను ఇంకేమీ అడగకముందే మిగతాదంతా తనే చెప్పింది. దాచాల్సింది ఏదైనా ఉందని ఆమెకు తెలియదు.

“నేను పొద్దున్నే సంగటి తిన్న్యా. ఆడికి పోతే ఏమీ తినకుండా రావల్ల అన్న్యారు. మళ్ళా వారం రమ్మంటే ఎవరు పోతారు? నారాయణమ్మ ఒక్కపొద్దు ఉండాది గదా, అదీ నా పేరున. ఒక్కపొద్దు నాది, కడుపు మాడ్చుకునేది ఆమె. అందుకే ఆమె చెయ్యి చాపింది” అంది.

“వాళ్ళకు కావాల్సింది నీ రక్తం గదక్కా.”

“వాళ్ళు పరగడుపు రక్తం అడిగినారు. నా పరగడుపు ఆమె దగ్గర ఉండె. ఇచ్చినాము. దాంట్లో తప్పేముండాది రామాంజులూ?”

ఒకరి కోసం ఒకరు ఉపాసం ఉంటే దేవుడు ఒప్పుకుంటాడని ఈ ఇద్దరికీ తెలుసు. సీసా ఒప్పుకోదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. 94 చూసి మొక్కు ఫలించిందనుకున్నారు. అది మీ అత్త షుగరు. ఆమెకు ఎప్పుడూ అంతే.

ఇంటికి వచ్చాను. మీ అత్త నిన్న కూడా ఒక్కపొద్దు. గడప దగ్గర బియ్యం చెరుగుతోంది. ఎక్కడైనా గడ్డ తగిలిందా అని అడిగాను. చేట ఆపలేదు. ఉగాది ముందు నుంచి ఎడమ వైపు శెనక్కాయంత ఉందని, ఇప్పుడు కొంచెం పెరిగిందని, నొప్పి లేదని చెప్పింది.

“ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు ఊరంతా అడిగినావు, సురేంద్రను అడిగినావు. నన్ను యాడ అడిగినావు?”

బెళుగుప్పలో ఆమెను ఎవరూ అడగరు. ఆమెది కళ్యాణదుర్గం, క్యాంపు వరుసలో పేరు లేదు. డాక్టరు మీ అమ్మ చంకలు చూసిన పూట ఈమె మా ఇంట్లో నడుము పట్టేసి పడుకుని ఉంది.

వ్యాసం ఆపించాను. డెస్కువాళ్ళకు కారణం చెప్పలేదు. ల్యాబుకు వేరే కాగితం పంపుతున్నాను: సురేంద్ర అబద్ధం చెప్పలేదు, అతన్ని పనిలోకి తీసుకోండి అని. అతని దగ్గరికి పోయి ఈ మాట నేనే చెప్పాను. “ఇప్పుడన్నా నమ్మితివే” అన్నాడు. టీ తెప్పించాడు.

ఇప్పుడు నన్ను నేనే అనుమానిస్తున్నాను. ఈ నెల రోజుల్లో ఆమె గాజుల సైజు కూడా నీకు రాశాను. రాసింది చదువుకోలేదు.

రేపు ఉదయం ఆమెను అనంతపురం తీసుకుపోతున్నాను.

రామాంజులు


కళ్యాణదుర్గం,
3 సెప్టెంబరు 2025

గంగా,

ఎడమ రొమ్ములో రెండున్నర సెంటీమీటర్ల గడ్డ ఉంది, చంకలో రెండు గ్రంథులు వాచాయి. సోమవారం మధ్యాహ్నం స్కానింగులో తేలింది. నిన్న సూదితో ముక్క తీశారు. నడుము ఎముకలో ఒక మచ్చ కనిపిస్తోందని, అది ఏమిటో ఇప్పుడే చెప్పలేమని డాక్టరు అన్నాడు. కలుపు తీసి వచ్చిన నొప్పి కూడా అలా కనిపిస్తుందా అని అడిగాను. పెద్ద స్కాను తీస్తే కానీ తెలియదన్నాడు.

ఫోన్లో అంతా మాట్లాడుకున్నాం. అయినా కమిటీకి రాతలో కావాలన్నావు కాబట్టి రాస్తున్నాను. జూన్ 14 సీసా నారాయణమ్మదని, ఆ రక్తాన్ని తన పేరుకే మార్చి వాడుకోవడానికి ఒప్పుకుంటున్నానని ఆమె చెప్పింది. నేను రాసి చదివి వినిపించాను, సంతకం పెట్టింది. జిరాక్సు ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. ఆ సీసాతో మీవాళ్ళు ఏం చేసినా నాకు తెలియాలి. నా అనుమానం పూర్తిగా పోలేదు. మందుల కంపెనీ గురించి నా ప్రశ్న అలాగే ఉంది. ఈమె తేరుకున్నాక మళ్ళీ అడుగుతాను.

పొట్లాల సంగతి మీ అత్తకు నువ్వు రాసినట్టే, మీ నాయన మందతో పోల్చి చెప్పాను. విని, “మారెప్పన్న పొయ్యిన ప్రతి ఊర్లో పొలం దొరికిందా? తిప్పి పంపినోళ్ళు లేరా?” అంది. ఉన్నారు. నాకు తెలిసి రెండుసార్లు తిప్పి పంపారు. ఆ మాటే చెప్పాను.

మీ అమ్మ వచ్చి మా ఇంట్లో ఉంటోంది. తప్పు జరిగిందని ఇప్పుడు తెలిసింది. సంగటి సరిగా తినడం లేదు. శనివారం నారాయణమ్మ పేరున తాను ఒక్కపొద్దు ఉంటానని మొక్కుకుంది. మీ అత్త ఒప్పుకోలేదు. “నీ మాత్ర నువ్వు మింగు వదినా. నా కడుపు నేను మాడ్చుకుంటా” అంది. చాలా రోజుల తర్వాత ఇద్దరూ నవ్వారు. తర్వాత మీ అమ్మ దొడ్లోకి పోయి చాలాసేపు రాలేదు.

శుక్రవారం ఉదయం ఆరున్నర బస్సుకు ముగ్గురం బయల్దేరుతున్నాం. మధ్యాహ్నానికి బెంగళూరులో ఉంటాం, నువ్వు బస్టాండుకు రా. సూది రిపోర్టు శనివారం అక్కడికే వస్తుంది. స్కాను శనివారం ఎనిమిది గంటలకు. నరంలోకి చక్కెర లాంటి మందు ఎక్కించి, ఒంట్లో ఏ చోటు దాన్ని ఎక్కువగా లాక్కుంటుందో చూస్తారట. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు. పేరు నారాయణమ్మది, చెయ్యి నారాయణమ్మది, కార్డు నా జేబులో ఉంటుంది. మీ అమ్మ ఆ పూట ఏడు గంటలకు ఇడ్లీ తిని మాత్ర వేసుకుంటుంది. ఆమె మింగేదాకా ఎదురుగా కూర్చునే పని నాది.

రామాంజులు